పొగ చొరబడని బీరువా

"ఈ దేశంలో నేరస్తులు ఇంకా కంటినిండా నిద్రపోతున్నారంటే కారణం ఒక్కటే అన్నయ్యా. నేనింకా పూర్తిగా రంగంలోకి దిగలేదు!"

ఈ ప్రకటన చేస్తూనే మా తోడల్లుడు వ్యాన్‌ని రివర్సు చేసి చట్టసభ గేటుకి గుద్దాడు.

"ఈ గేటు నిన్నటిదాకా ఇక్కడ లేదు," అన్నాడు కళ్లు చికిలించి.

"కట్టినప్పటినుంచీ అక్కడే ఉంది నాయనా."

"అలా అని నిన్ను నమ్మించారు."

వృత్తిరీత్యా అద్దె బండ్ల డ్రైవరు. ప్రవృత్తిరీత్యా 'డిటెక్టివ్ త్రినేత్ర'. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకుని కార్డులు అచ్చేయించుకున్నాడు. ఇంతవరకూ అతను చేపట్టిన కేసుల్లో ఘనమైనది మా అత్తగారింట్లో పాలు మాయమైన ఉదంతం. రెండు వీధుల అవతల ఉన్న పిల్లి మీద అనుమానపడి, దాన్ని వెంటాడి, మురిక్కాలవలో పడి, ఇంటికొచ్చేసరికి మా మామగారు వంటింట్లో గ్లాసుతో దొరికిపోయారు. అదీ త్రినేత్ర విజయమే అని చెప్పుకుంటాడు. తను ఇంట్లో లేకపోవడం వల్లే నేరస్తుడు ధైర్యం చేశాడట.

అలాంటివాణ్ణి ఆ రోజు వెంట తెచ్చుకోవడానికి కారణం ఉంది. సంఘం డ్రైవరుకి జ్వరం. మా మరదలు ఫోన్ చేసి, "బావగారూ, మీకు పుణ్యముంటుంది, ఒక్కపూట ఈయన్ని ఇంట్లోంచి తీసుకుపొండి. పనమ్మాయి మీద నిఘా పెట్టారు, ఆ పిల్ల మానేస్తానంటోంది," అని మొరపెట్టుకుంది.

సంఘం అంటే చట్టసభ పర్యవేక్షక సంఘం. ప్రభుత్వ సంస్థలు ఏం కొంటున్నాయో, ఎవరికి కాంట్రాక్టులిస్తున్నాయో చూడటం దాని పని. అందులో నేను కార్యదర్శిని. పెన్షనర్ల ఫైళ్లు దాచే ఒక కేంద్ర సంస్థ, తన శాఖా కార్యాలయాలన్నిటికీ పొగ కూడా చొరబడని ఇనుప బీరువాలు కొన్నానంటోంది. ఫైళ్లు ఇంకా నేలమీదే ఉన్నాయని, ఎలుకలు వాటిని భోంచేస్తున్నాయని నాకు తెలిసింది. నేను సంఘం అధ్యక్షురాలికి ఒక నోట్ పెట్టాను. సంస్థ డైరెక్టరు భగ్గుమన్నాడు. పచ్చి అబద్ధమన్నాడు. చివరికి సంఘమే తనిఖీకి బయల్దేరింది. బీరువాలు ఉన్నాయా, నా ఉద్యోగం గోవిందా! పాత కాగితాల గోదాముకి బదిలీ ఉత్తర్వు అప్పటికే టైపు చేసి పెట్టారు. సంతకం ఒక్కటే తరువాయి.

మొదటి శాఖలో అడుగుపెట్టాం.

గోడవారన బీరువాలు. వరసగా, నున్నగా, కొత్త పెళ్లికూతుళ్లలా మెరుస్తూ!

"ఎలుకలెక్కడ సార్?" అన్నాడు డైరెక్టరు నా చెవిలో. "పరిచయం చెయ్యరూ?"

పక్కనే బీరువాలు సరఫరా చేసిన కాంట్రాక్టరు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. అధ్యక్షురాలు అన్ని బీరువాలూ తెరిపించారు. అరల్లో చెయ్యి పెట్టి తడిమారు. తాళాలు తిప్పి చూశారు. ఏ లోపమూ దొరకలేదు. కిటికీ దగ్గర నిలబడి, బయటున్న పెద్ద నీళ్ల ట్యాంకు వైపు చూస్తూ ఒక నిట్టూర్పు విడిచారు. అప్పుడే ముఖం తడుముకుని, "నా కళ్లజోడేదయ్యా?" అన్నారు.

అందరం వెతికాం. దొరకలేదు.

"పోతే పోయిందిలే, ఇంట్లో ఇంకోటుంది," అన్నారావిడ.

కానీ గుమ్మంలో ఒక నీడ పడింది.

"ఎవ్వరూ కదలొద్దు!" అన్నాడు త్రినేత్ర. "ఇది మామూలు దొంగతనం కాదు. చట్టసభ చూపునే అపహరించారు!"

"ఎవరీయన?" అడిగారు అధ్యక్షురాలు.

"డ్రైవరండీ," అన్నాను నేల చూపులు చూస్తూ.

అతను నేరుగా కాంట్రాక్టరు దగ్గరికెళ్లి ముక్కు మీద ముక్కు పెట్టినంత పని చేశాడు.

"కళ్లజోడు పోయిన సమయంలో మీరెక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నాను."

"అంటే నేరస్థలంలో ఉన్నట్టు ఒప్పుకున్నారు!"

"మీరూ ఇక్కడే ఉన్నారుగా?"

త్రినేత్ర ఒక్క క్షణం తన మీద తనే అనుమానపడ్డాడు. నిజంగానే జేబులు తడుముకున్నాడు. తర్వాత తేరుకుని, "నేను మారువేషంలో ఉన్నాను, లెక్కలోకి రాను," అన్నాడు.

డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. "మేడమ్, భోజనం చల్లారిపోతోంది. అతిథి గృహంలో ఏర్పాటు చేశాం. ఆ తర్వాత రెండో శాఖ. మీరు పంపిన పర్యటన కార్యక్రమం ప్రకారమే అంతా సిద్ధం."

మా పద్ధతే అంత. ఏ గదికి ఎప్పుడొస్తామో, ఎక్కడ తింటామో, ఎంతసేపు తింటామో ముందే అచ్చేసి మరీ పంపుతాం. తనిఖీకీ విందుకీ మధ్య తేడా మా సభ్యుల్లో చాలామందికి తెలియదు. ఆ మాట వినగానే వాళ్లు కళ్లజోడు సంగతి మరిచి కార్లెక్కారు.

"నువ్వు రావా?" అన్నాను తోడల్లుడితో.

"నేరస్తుడు నేరస్థలానికి తిరిగొస్తాడు అన్నయ్యా. నేనిక్కడే మాటు వేస్తాను. ఫోను కూడా ఆపేస్తున్నా. ఈ గదిలోంచి అంగుళం కదిలితే నా పేరు త్రినేత్ర కాదు!"

"నీ పేరు ఎలాగూ అది కాదు," అని డైరెక్టరు పంపిన కారెక్కాను.

భోజనం సాగింది, సాగింది, ఇంకా సాగింది. వడ్డించేవాళ్లు సినిమా ఇంటర్వెల్ లాగా విరామాలిచ్చి మళ్లీ మళ్లీ తెచ్చారు. నేను మాత్రం పాత కాగితాల గోదాములో ఫ్యాను ఉంటుందో ఉండదో అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

రెండో శాఖకి వెళ్లేసరికి అక్కడా గోడవారన బీరువాలు. అంతే నున్నగా, అంతే మెరుస్తూ. నా ఆఖరి ఆశ ఆవిరైపోయింది. కళ్లజోడు లేని అధ్యక్షురాలికి అవి ఎర్రటి మసకల్లా కనబడుతున్నాయట. "నువ్వే చూసి చెప్పవయ్యా," అన్నారు.

"ఉన్నాయండీ," అన్నాను. అబద్ధమాడి బతికే అవకాశం కూడా లేదు.

డైరెక్టరు ధ్రువపత్రం బల్ల మీద పరిచాడు. సరఫరా పూర్తయిందని, ఆరోపణ నిరాధారమని, ఇక ఈ విషయం మూసేశామని అందులో ఉంది. అధ్యక్షురాలు కలం తీశారు. నా వంక జాలిగా చూశారు, లేక నాకలా అనిపించింది. కళ్లజోడు లేదు కాబట్టి ఆవిడ నా పక్కనున్న కుర్చీ వంక జాలిగా చూసి ఉండవచ్చు.

"ఎక్కడ పెట్టాలి సంతకం?"

"ఇక్కడ మేడమ్," అన్నాడు డైరెక్టరు, వేలు చూపిస్తూ.

అంతటితో ఊరుకుంటే కథ అక్కడే ముగిసేది. కానీ కాంట్రాక్టరుకి మెప్పు కావాల్సొచ్చింది.

"సంతకానికి ముందు ఒక్కసారి ఈ చివరిదాని బరువు చూడండి మేడమ్! అసలైన ఉక్కు! నలుగురు పట్టినా లేవలేదు. మా కుర్రాళ్ల నడుములు పడిపోయాయి!"

"ఎప్పుడు?" అన్నారు అధ్యక్షురాలు.

"ఇందా..." అని నాలిక్కరుచుకుని, "పోయినేడు," అన్నాడు కాంట్రాక్టరు. మాట మార్చడానికి గబగబా బీరువా పిడి తిప్పి తలుపు లాగాడు. "లోపల చూడండి, ఎంత విశాలమో..."

లోపల్నుంచి డిటెక్టివ్ త్రినేత్ర మూటలా దొర్లుకుంటూ వచ్చి డైరెక్టరు కాళ్ల మీద పడ్డాడు. జుట్టు రేగిపోయి ఉంది. చెంప మీద అర ముద్ర పడి ఉంది. చొక్కా గుండీకి అధ్యక్షురాలి కళ్లజోడు వేలాడుతోంది.

"ఎవ్వరూ కదలొద్దు!" అని అరిచాడు కళ్లు నులుముకుంటూ. "కళ్లజోడు దొంగ ఈ గదిలోనే ఉన్నాడు!"

"ఉన్నాడు. గుండీకి తగిలించుకుని మరీ ఉన్నాడు!" డైరెక్టరు గర్జించాడు. "పోలీసుల్ని పిలవండి!"

త్రినేత్ర కిందికి చూసుకున్నాడు. కళ్లజోడు చూసి తనే ఉలిక్కిపడ్డాడు.

"ఇది పై అరలోంచి నా మీదకి దూకింది," అన్నాడు. "అంటే మేడమ్, ఇందాక మీరు అర తడిమినప్పుడు మీరే పెట్టి మరిచారు. కేసు పరిష్కారమైపోయింది!"

"ఇందాక అంటే?"

"ఇందాక అంటే భోజనానికి ముందు. ఇదే గదిలో."

"ఇదే గదిలోనా?"

"ఇదే గదిలో! నేను ఇక్కణ్ణుంచి అంగుళం కదల్లేదు. మధ్యలో చిన్న భూకంపం వచ్చింది. అయినా కదల్లేదు. కావాలంటే చూడండి, అదిగో కిటికీ, కిటికీ అవతల నీళ్ల ట్యాంకు..."

కిటికీ అవతల సైకిళ్ల షెడ్డు ఉంది.

త్రినేత్ర కిటికీలోంచి తల బయటపెట్టి అటూ ఇటూ వెతికాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "అన్నయ్యా! మనం అనుకున్నదానికంటే పెద్ద ముఠా ఇది. ట్యాంకునే ఎత్తుకుపోయారు!"

గదిలో ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు ముఖం సున్నం కొట్టినట్టయింది. కాంట్రాక్టరు తలుపు వైపు మెల్లగా అడుగులేస్తున్నాడు.

అధ్యక్షురాలు ముందుకొచ్చి, త్రినేత్ర గుండీ మీంచి తన కళ్లజోడు తీసుకున్నారు. చీర కొంగుతో తుడిచి పెట్టుకున్నారు. బీరువాలన్నిటినీ ఒక్కసారి తేరిపార చూశారు.

"మొదటి శాఖకి ఫోన్ చెయ్యి," అన్నారు నాతో. "అందరికీ వినబడేలా."

చేశాను. అక్కడి గుమాస్తా ఎత్తాడు.

"మీ బీరువాలు ఎలా ఉన్నాయండీ?" అన్నాను.

"ఏ బీరువాలు సార్? మీరటు భోజనానికి వెళ్లారు, ఇటు లారీ వచ్చి పట్టుకుపోయింది. పొద్దున తెచ్చిన లారీయే. ఫైళ్లు మళ్లీ నేలమీద సర్దమంటారా?"

"వద్దు," అన్నారు అధ్యక్షురాలు నా భుజం మీంచి. "ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. మేమే వస్తున్నాం."

ధ్రువపత్రాన్ని నాలుగు ముక్కలు చేశారు. డైరెక్టరు ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "మూడో శాఖకి ఇప్పుడే వెళ్దాం. కార్యక్రమంలో లేదని నాకూ తెలుసు. టీ కూడా వద్దు. ఇంకోటి, ఇవి పొగ చొరబడని బీరువాలన్నారు కదూ?"

"అవునండీ," అన్నాడు డైరెక్టరు గొణుగుతూ.

"గాలి?"

డైరెక్టరు కిటికీలోంచి, అప్పటికే బయటికెళ్లిన త్రినేత్ర వంక చూశాడు. అతను నిక్షేపంలా ఉన్నాడు. ఊపిరి దండిగా తీస్తూ, ఆ ట్యాంకు ఆచూకీ కోసం సైకిళ్ల షెడ్డు గోడని వేలితో గీకి వాసన చూస్తున్నాడు.

నా బదిలీ ఉత్తర్వు చెత్తబుట్టలోకి వెళ్లింది. డైరెక్టరు, కాంట్రాక్టరు సంఘం ముందు విచారణకి వచ్చారు. ఒక్క శాఖకి సరిపడా తప్ప మిగతా బీరువాలు అసలు తయారే కాలేదని అక్కడ ఒప్పుకున్నారు. నివేదిక రాసింది నేనే. సభలో పెట్టిన రోజు త్రినేత్ర ఒక ప్రతి సంపాదించి, గబగబా తిరగేసి, మండిపడుతూ మా ఇంటికొచ్చాడు.

"ఏంటన్నయ్యా ఈ రాతలు? 'పొగ చొరబడదని చెప్పిన బీరువాలో ఒక వయోజనుడు మధ్యాహ్న భోజన విరామమంతా గుర్రుపెట్టి నిద్రపోగలిగాడని సంఘం స్వయంగా గమనించింది'! గుర్రుపెట్టడమేంటి? నేను మాటు వేశాను! మార్పించు!"

"కుదరదు నాయనా," అన్నాను. "నివేదికలో సభ్యులంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్న వాక్యం అదొక్కటే."