కురుమమ్మ నోట రాని పేరు

ఆ బుధవారం పొద్దున కురుమమ్మకు ఉన్నవి రెండే పనులు. అత్త కంట పడకుండా ఇల్లు దాటాలి, చిక్కడపల్లిలో టైపిస్టు శ్రీపతి గారి చేత కూతురి పేరు మార్పు కాగితం కొట్టించుకురావాలి. మొదటి పనే కష్టమని ఆమె అనుకుంది.

కూతురికి బడి రికార్డుల్లో ఉన్నది నాయనమ్మ పేరే, బీరమ్మ. ఇంటిపెద్ద పేరు పెట్టాలన్నారు, పెట్టారు. కోడలు అత్త పేరు నోటితో పలకకూడదన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు, కురుమమ్మకు తప్ప. అందుకని ఆమె పిల్లను సరిత అని పిలుచుకుంది. అశోక్ నగర్ వెనుక బస్తీ అంతా అలాగే పిలిచింది. చిక్కల్లా నారాయణగూడ బడిలోనే వచ్చింది. ఒకసారి తల్లిదండ్రుల మీటింగుకు వెళ్తే గేటు దగ్గర "ఎవరి అమ్మవు?" అని అడిగారు. కురుమమ్మ నోరు తెరిచింది, మూసింది, గంటసేపు బయటే నిలబడి తిరిగొచ్చింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇప్పుడు పిల్ల పదో తరగతి. పరీక్షల బోర్డుకు పేర్ల జాబితా శుక్రవారం సాయంత్రం ఐదింటికి వెళ్లిపోతుంది. ఆ లోపు నోటరీ ముద్ర పడ్డ అఫిడవిట్టు, పేపర్లో ప్రకటన తెస్తే సరిత అని రాస్తామని, గెజిట్ కాపీ తర్వాత ఇవ్వొచ్చని జయశ్రీ టీచరు చెప్పారు. గడువు దాటితే సర్టిఫికెట్లో జన్మంతా బీరమ్మే.

భర్త ఈదయ్య తాపీమేస్త్రీ. ఆ రోజు దోమలగూడలో స్లాబు పడుతోంది.

"నాకు వచ్చుడు కాదు. ఇగో, స్టాంపు కాయితం కింద సంతకం పెట్టిన. రేషన్ కార్డు చూపియ్యి, సార్ రాసుకుంటడు. అమ్మకు మాత్రం చెప్పకు, తన పేరు తీసేసిన్రని గుండె పగులుతది."

"సార్ పేరు అడిగితే ఎట్ల?"

"కార్డుల ఉన్నది గద!"

శ్రీపతి గారు అడగనే అడిగారు. "పాత పేరు?"

కురుమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కార్డుల ఉన్నది సార్."

"కార్డుల నలుగురున్నరమ్మా. ఎవరిది?"

కురుమమ్మకు చదువు రాదు. కానీ పదేళ్లుగా కూతురి నోటుబుక్కుల అట్టల మీద చూసి ఒక్క మాట మాత్రం గుర్తుపట్టగలదు. పలకలేని ఆ మాటే ఆమెకు చదవ వచ్చిన ఏకైక మాట. వేలు కార్డు మీద పైనుంచి నడిచి, రెండో వరుసలో టక్కున ఆగింది. దొరికిందన్న ఆనందంలో కూతురున్న నాలుగో వరుస దాకా పోలేదు. రెండో వరుసలో ఉన్నది అత్త.

శ్రీపతి గారు అక్కడ వయసు చూశారు. అరవై ఎనిమిది. "ఈమెదేనా? పక్కా?"

"పక్కా సార్."

"కొత్త పేరు?"

"సరిత."

ఆయన చేతులు మిషన్ మీదే ఆగిపోయాయి. "ఈ వయసులనా?"

"ఇప్పుడు కాకుంటే ఇంకెప్పుడు సార్! శుక్రారం దాటితే ఇగ అయ్యేది లేదు."

శ్రీపతి గారి మనసు కరిగింది. డాక్టర్లు శుక్రవారం దాకా గడువిచ్చిన ముసలమ్మ అనుకున్నారు. మంచం దిగలేని తల్లి తరఫున కొడుకు సంతకం పెట్టాడు కాబోలనుకున్నారు. చివరి కోరికకు అడ్డు పడటం ఇష్టంలేక నోటరీని తొందరపెట్టి ముద్ర వేయించి, శుక్రవారం పేపర్లో పడుతుందని చెప్పి ప్రకటన కూడా తానే పంపించారు. కురుమమ్మ కాగితాన్ని తెచ్చి బియ్యం డబ్బా అడుగున దాచింది.

శుక్రవారం మధ్యాహ్నం రాంనగర్ నుంచి అత్త తమ్ముడు రాజేశం చేతిలో పేపరుతో ఊడిపడ్డాడు.

"అక్కా! పేరు మార్చుకున్నవా?"

"నాకేం రోగంరా?"

"మరి ఇదేంది? 'అశోక్ నగర్ నివాసి బీరమ్మ, వయస్సు 68, నేటి నుంచి సరితగా పిలవబడును.' ఊర్ల పొలం నీ పేరు మీదున్నది గద. రేపు ఎవతో సరితను నిలబెట్టి రాయించుకుంటడు నీ కొడుకు!"

పక్కింటి భూదేవి గోడ మీంచి తొంగి చూసింది. "ఎవతో ఎందుకు? సరిత అంటే వీళ్ల పిల్లనే గద!"

ముసలామె ముఖం నల్లబడింది. "ఏందే ఇది, కోడలా?"

కురుమమ్మ ముందుకొచ్చింది. "నీది కాదత్తా... పిల్లది... పిల్లకున్న ఆ పేరు..."

"ఏ పేరు?"

"అదే..."

"ఏ పేరో చెప్పు!"

కురుమమ్మ చుట్టూ చూసింది. గోడ మీద ఇప్పుడు ఐదారు తలలున్నాయి. "నీ పేరే అత్తా!"

"చూసినవా, ఒప్పుకున్నది!" అని రాజేశం అరిచాడు.

గడియారం నాలుగు చూపిస్తోంది. ఇక వివరించే ఓపిక, వ్యవధి రెండూ లేవు. కురుమమ్మ రాజేశం చేతిలోని పేపరు లాక్కుంది, బియ్యం డబ్బాలో చేయి పెట్టి కాగితం తీసింది, బియ్యం రాలుతుండగానే పరుగందుకుంది.

"కాయితాలతోటి ఉరుకుతున్నది, పట్టుండ్రి!"

ముందు కురుమమ్మ, వెనుక రిక్షాలో అత్త, రాజేశం. చిక్కడపల్లి మలుపులో రిక్షా దాదాపు అందుకుంది. నారాయణగూడలో ట్రాఫిక్ రిక్షాను ఆపింది కాబట్టి కురుమమ్మ ముందు చేరింది. బడి గడియారంలో నాలుగున్నర.

జయశ్రీ టీచరు కాగితం చదివారు, పేపరు చదివారు, కళ్లద్దాలు తీశారు. "అమ్మా, ఇందులో మారింది అరవై ఎనిమిదేళ్ల ఆమె పేరు. మీ పిల్లది మారలేదు. మళ్లీ వేయించే టైము లేదు."

స్తంభం దగ్గర నిలబడ్డ కూతురు బావురుమంది. కురుమమ్మ వరండాలో కూలబడింది.

"పదిహేనేండ్లాయె టీచరమ్మా, కన్నబిడ్డ పేరు నోరార అనలేకపోయిన. గేటు కాడ ఎవరి తల్లివంటే దొంగ లెక్క నిలబడ్డ. దాని కోసమే ఇంత పరేషాన్. పొలం ఎవరికి కావాలె?"

అప్పుడే ఆయాసపడుతూ మెట్లెక్కిన అత్త ఆ మాటలన్నీ విన్నది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది.

"నా పెద్దబిడ్డకు కూడ మా అత్త పేరే పెట్టిన్రు," అంది అత్త. "పెండ్లి చేసి పంపేదాక 'ఓసే' అనే పిలిచిన. అత్తగారింటికి పోయేనాడు గూడ ఓసే అనే ఏడ్చిన." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "టీచరమ్మా, ఆ కాయితం చెల్లుతదా?"

"మీరు వేలిముద్ర వేసి సరిచేయించుకోవాలి. గెజిట్లో పడితే పూర్తిగా చెల్లుతుంది."

"ఏస్త. గెజిట్ల గూడ ఎయ్యుమను."

"అక్కా, పొలం!" అన్నాడు రాజేశం.

"పొలం ఏడికి పోతదిరా? కొత్త పేరు మీద నేనే ఎక్కిచ్చుకుంట. నువ్వు రిక్షా పోకుండ చూడు." తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఇయ్యాల్టి సంది నా పేరు సరిత. ఇగ నువ్వు పలకగూడని పేరు గదే. సమజైందా?"

సమజ్ కావడానికి కురుమమ్మకు కొంత సమయం పట్టింది. ఐదుకు పది నిమిషాలుంది. జయశ్రీ టీచరు జాబితా ముందుకు జరిపారు.

"ఇక్కడ తల్లి వేలిముద్ర వేయాలి. చెప్పండమ్మా, మీరు ఎవరి అమ్మ?"

కురుమమ్మ అత్త వైపు చూసింది. అత్త కావాలనే గోడ వైపు చూస్తోంది.

"బీరమ్మ," అంది కురుమమ్మ, గుసగుసగా. ఏమీ కాలేదు. "బీరమ్మ! నేను బీరమ్మ తల్లిని!" అని మళ్లీ అంది. ఈసారి ఆఫీసు గదిలోని గుమాస్తాలు కూడా తలెత్తారు.

మూడు రోజులుగా కాగితాల్లో కూడా సరిత కావాలని కలలుగన్న పిల్ల స్తంభం వదిలి వచ్చి తల్లిని కరుచుకుంది. "ఇంకోపారి పిలువమ్మా."

జాబితా ఐదింటికి బీరమ్మ పేరుతోనే వెళ్లింది. బస్తీలో ఇంకా ముగ్గురు సరితలున్నారు. శనివారం నుంచి కురుమమ్మ వాళ్లను "ఓ పిల్లా" అని పిలుస్తోంది.