జలపతిరావు పచ్చిక

ఆ ఆదివారం పొద్దునకు వాన వెలిసింది. బొగ్గుగని కాలనీ మీద గోదావరి వైపు నుంచి చల్లగాలి మెల్లగా వీస్తోంది. జలపతిరావు వరండాలో చాయ్ తాగుతూ ఇంటి ముందరి పచ్చికను చూశాడు. కాలనీ పిల్లలు క్రికెట్ ఆడీ ఆడీ దాని నడుమ పొడుగ్గా బట్టతల పడింది. ఆయన కళ్ళకు మాత్రం అక్కడ మంచులో తడిసిన గరిక, దాని మీద చెప్పుల్లేని తన పాదాలు కనిపించాయి. వారమంతా భూమి అడుగున చీకట్లో తిరిగే మనిషికి అంతకు మించిన కోరిక లేదు.

"సరళా, ఇయ్యాల గడ్డి పెడత" అన్నాడు భార్యతో.

"పెట్టుండ్రి. ఆడుకోవద్దని పిల్లగాండ్లకు ఎవలు చెప్తరు?" అంది సరళాదేవి.

అదొక్కటే ఆయనకు చేతకాదు. పిల్లల్ని కసరాలంటే నోరు రాదు. మట్టి గుల్ల చేసి, గొర్రెల ఎరువు కలిపి, కరీంనగర్ నుంచి ముందురోజే బస్సులో తెచ్చిన గరిక నాటి, చుట్టూ తాడు కట్టాడు.

సాయంత్రం బ్యాట్లతో వచ్చిన పిల్లలు తాడు దగ్గర ఆగిపోయారు. వాళ్ళ కెప్టెన్ ప్రమోదిని, పక్కింటి రామకిషన్‌రావు కూతురు.

"ఏం చేస్తున్నరు అంకుల్?"

జలపతిరావు ఇంకా ఆ మంచు గరికలోనే ఉన్నాడు. "జర ఓపిక పట్టుండ్రి బిడ్డా. వానలు పోయినంక చూడుండ్రి, ఎంత మంచిగుంటదో! అప్పటిదాంక ఎవ్వలు తొక్కొద్దు."

గేటు దాటగానే ప్రమోదిని ముఖం వెలిగిపోయింది. "అరే, అంకుల్ మనకు కొత్త పిచ్ చేస్తుండు!"

ఆ రోజు నుంచి పిల్లలే కాపలా. మేకల్ని తరిమారు, పాలవాణ్ణి చుట్టూ తిప్పారు, పూలు కోయబోయిన సరళాదేవిని కూడా వెనక్కి పంపారు. "ఎంత బుద్ధిమంతులు!" అని జలపతిరావు మురిసిపోయాడు. రామకిషన్‌రావు కాలనీ క్లబ్బు సెక్రటరీ. కూతురి మాట విని, జలపతిరావు గనిలో ఉన్న వేళ చూసి క్లబ్బు రోలర్ పంపాడు. ఆ బరువుకు వేళ్ళు మట్టిని కరుచుకుని గరిక ఇంకా దట్టంగా లేచింది.

వానలు పోయాయి. ఒక పొద్దున జలపతిరావు చెప్పులు విప్పి తొలి అడుగు వేయబోతుంటే గేటు ముందు జీపు ఆగింది. అందులోంచి గని పెద్ద సారు దిగారు. వెనుక పూలదండతో రామకిషన్‌రావు, ఆ వెనుక తెల్ల చొక్కాల్లో పిల్లలు.

"గిదేంది రామకిషన్?"

"ఎవలకు చెప్పకుండ ఎంత పెద్ద పని చేస్తివే జలపతన్నా! ఇంటి ముంగట జాగ పిల్లల పిచ్‌కు ఇచ్చేటోళ్ళు ఎవలున్నరు? సారు ఓపెనింగుకు వచ్చిండ్రు."

దండ మెడలో పడింది. గరికలో వికెట్లు దిగుతుంటే జలపతిరావు కళ్ళు మూసుకున్నాడు. ప్రమోదిని తొలి బంతి విసిరింది. బంతి మెత్తగా గరికలోకి దిగి అక్కడే కూర్చుంది. మళ్ళీ విసిరింది. మళ్ళీ కూర్చుంది.

"బాల్ లేస్తనే లేదు అంకుల్!" అంది ఏడుపు గొంతుతో. "గిది పిచ్ కాదు, పరుపు!"

పిల్లలు వికెట్లు పీక్కుని రోడ్డు మీదికి పోయారు. జలపతిరావు నమ్మలేక కళ్ళు తెరిచాడు. పచ్చిక దక్కింది! తిరిగి చూసేసరికి పెద్ద సారు బూట్లు విప్పి, గరిక మీద కలలో మనిషిలా నిలబడి ఉన్నారు.

"ఎంత సల్లగుందయ్యా! రామకిషన్, ఇగ మన క్లబ్బు ఇక్కడనే పెట్టు."

మరుసటి వారమే ఇనుప కుర్చీలు, పేకాట బల్లలు దిగాయి. నెల తిరక్కుండా నాలుగు మూలలా మట్టి తేలింది. పిల్లలైతే కనీసం చీకటి పడగానే ఇండ్లకు పోయేవారు.