రేవులో బొడ్రాయి

నార్కట్‌పల్లి హైవే పక్కన పంక్చర్ల దుకాణం నడిపే జంగయ్య ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. రైలు దిగాలి, రేవుకు పోవాలి, నేవీలో చేరి ఏడాదైనా ఇంటి ముఖం చూడని కొడుకు గోపీకృష్ణను కళ్లారా చూడాలి. ఓడ సముద్రంలో దూరంగా ఆగుతుందనీ, పడవలో రేవుకు వచ్చి సాయంత్రందాకా ఉండి పోతాననీ వాడు ఫోన్లో చెప్పాడు. మళ్లీ సెలవు ఎప్పుడో వాడికే తెలియదు. అతని భార్య అండాలు కూడా జొన్నరొట్టెలు, నాటుకోడి కూర కట్టుకుని మొగుడి వెంట బయలుదేరింది.

పడవ వచ్చేదాకా జంగయ్య భార్యకు ఊరు చూపించాడు. తెల్లవాళ్ల కోట, కోట మీద ఫిరంగులు, దీపస్తంభం, యుద్ధంలో పోయిన నావికుల పేర్లు చెక్కిన రాయి. ఆ రాయి దగ్గర అండాలు ఆగిపోయింది. బోరు నీళ్లు తప్ప ఎరగని పిల్లవాడు ఇంత నీటి మీద ఎలా బతుకుతున్నాడో అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

రేవు గట్టు మీద ఆమెను కూర్చోబెట్టి జంగయ్య చాయ్ తాగడానికి పోయాడు. అదే పొరపాటు. గట్టు నడుమ నడుమెత్తున ఒకటి నల్లగా, నున్నగా నిలబడి ఉంది. అది పాత ఫిరంగి. తలకిందులుగా పాతి, పడవల తాళ్లు కట్టుకుంటున్నారు. ఊరందరికీ తెలిసిన ఆ సంగతి అండాలుకు తెలియదు. వాళ్ల ఊళ్లో పోయినేడే బొడ్రాయి పండుగ జరిగింది. ఊరికి బొడ్డులాంటి ఆ రాయి అచ్చం ఇలాగే నడిజాగాలో ఉంటుంది. పాపం, ఈ ఊరివాళ్లు దీనికి ఒక్క బొట్టయినా పెట్టలేదు. పసుపు కుంకుమలు, కొబ్బరికాయ సంచీలో లేకుండా అండాలు ఇల్లు కదలదు. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొడుకును చల్లగా చూడమని మొక్కింది.

ఖాళీ చేపల గంపలతో పోతున్న ఆడవాళ్లు ఆగారు. వలలు ఖాళీగా వస్తున్న రోజులు, కొత్త దేవతను కాదనుకునే స్థితిలో ఎవరూ లేరు. పూజ ఎలా చేయాలని అడిగారు. అడిగితే చెప్పకుండా ఉండే మనిషి కాదు అండాలు. బిందెలతో నీళ్లు పోయమంది, ఆ తర్వాత అసలు కట్టుబాటు చెప్పింది. "పూజ ఒడిసేదాక బయటోళ్లు ఊళ్లె అడుగువెట్టొద్దు, ఊరోళ్లు పొలిమేర దాటొద్దు." తానూ బయటిమనిషేనన్న సంగతి ఆమెకు తట్టలేదు.

జంగయ్య వచ్చేసరికి బిందెల వరస కుళాయిదాకా సాగింది. పొద్దున్నే ఫిరంగులన్నీ తడిమి చూసినవాడు కాబట్టి సంగతి వెంటనే పోల్చుకున్నాడు. కానీ పదిమందిలో పెండ్లాం పరువు తీయడం ఎందుకు? తమ దిక్కున ఇంతేనని తలాడించి ఊరుకున్నాడు.

అప్పుడు పడవ వచ్చింది. తాళ్లు కట్టే సింహాచలం ఫిరంగి దగ్గరకు పోతే ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. అది ఫిరంగి అనీ, తన తాత నాటి నుంచీ దానికే కడుతున్నామనీ అతను మొత్తుకున్నాడు. ఇన్నేళ్లూ అమ్మవారి మెడకు తాడు బిగించావు కనకే చేపలు పోయాయని వాళ్లు తిరగబడ్డారు. తాళ్లు కట్టే రెండో గుంజ మొన్నటి తుఫానుకు విరిగింది. పడవ గట్టు ముందు చక్కర్లు కొట్టసాగింది. అది కొడుకు వచ్చే పడవేనని తట్టని అండాలు కూడా, జర ఆగితే ఏం మునిగిపోతుందని ఒక మాట వేసింది.

"అమ్మా, నేనే!" అని పడవలోంచి కేక వినిపించింది.

తెల్ల బట్టల్లో, చిక్కిపోయి, గోపీకృష్ణ చేతులూపుతున్నాడు. ఇక దిగడం కుదరదని పడవ నడిపేవాడు ఓడవైపు తిప్పుతున్నాడు. అండాలు ఉరికి వచ్చి సింహాచలం చేతిలోని తాడు గుంజుకుంది.

"నువ్వే కదమ్మా వద్దన్నావు?" అని ఒక చేపలామె చెయ్యి పట్టుకుంది.

"నేనే అన్న. గది మా ఊరి బొడ్రాయి ముచ్చట. గిది మీ ఊరి ఫిరంగి. నా కొడుకును దిగనియ్యుండ్రి."

తాడు పసుపు రాసిన ఫిరంగి మెడలో పడింది, పడవ గట్టుకు చేరింది. గోపీకృష్ణ ఫిరంగి పక్కనే కూర్చుని రొట్టెలన్నీ తిన్నాడు. అండాలు వాడి వీపు నిమురుతూ కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. దేవతను కాదన్నానన్న భయం మాత్రం పోలేదు. వెళ్లేముందు ఎవరూ చూడకుండా ఫిరంగి ముందు చెంపలు వేసుకుంది.

కొన్నాళ్లకు ఓడ మళ్లీ ఆ రేవుకు పోయినప్పుడు కొడుకు ఫోన్ చేశాడు. సింహాచలం ఇప్పటికీ అది ఉత్త ఫిరంగేనని వాదిస్తున్నాడట. తాడు వేసేముందు మాత్రం చెప్పులు విడుస్తున్నాడట.