ఎనిమిది నెలల కత్తి

శనివారం ఉదయం తొమ్మిదింటికి మధుసూదన్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆఫీసు కాల్ అయ్యాక కమ్మరి ఐలయ్యకు ఫోన్ చేసి కత్తి వద్దని చెప్పాలి. ఆ తర్వాత కొండాపూర్ వెళ్లి ఏదో ఒక దుకాణంలో ఏదో ఒక కత్తి కొనాలి. రెండు వాక్యాల ఈ నిర్ణయానికి రావడానికి అతనికి ఎనిమిది నెలలు పట్టింది.

ఎనిమిది నెలల కిందట అతను శేరిలింగంపల్లిలో ఐలయ్య రేకుల షెడ్డు ముందు కారు ఆపాడు. లారీ కమాను పట్టీతో, కొలిమిలో కాల్చి, చేత్తో సాగగొట్టిన కూరగాయల కత్తి కావాలన్నాడు. ఐలయ్య దారంతో అతని అరచేయి కొలిచాడు. అప్పటివరకు పుట్టినరోజు కేకు తప్ప ఏమీ కోయని అరచేయి అది.

"పిడికి చింతకర్ర ఏస్త. అది ఒక ఎండకాలం ఎండాలె. అమాసకు కొలిమి ముట్టియ్య. సోమారం ముట్టియ్య. జల్ది కావాల్నంటె బజార్ల కొనుక్కో సార్" అన్నాడు ఐలయ్య.

తిట్టినట్టు మాట్లాడేవాడే అసలైన పనివాడని మధుసూదన్ నమ్మకం. డబ్బు మొత్తం ముందే ఇచ్చేశాడు. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు. ఇంటికొచ్చి, ఐలయ్య కత్తి వచ్చేదాకా మరో కత్తి గడప తొక్కకూడదన్నాడు. మధ్యలో ఇంకోటి కొంటే ఇక ఆగడానికి అర్థమేముందని అతని వాదన. అతను వంటింట్లోకి నీళ్లు తాగడానికి తప్ప వెళ్లడు కాబట్టి ఆ వాదన అతనికి బాగానే ఉంది.

వంటింట్లో ఉన్న కత్తికి మొన విరిగింది. పిడి ఊడితే అతని భార్య లావణ్య రబ్బరు బ్యాండ్లు చుట్టింది. వంటమనిషి భూలక్ష్మి ఒకరోజు గుమ్మడికాయను నేలకేసి కొట్టి పగలగొట్టింది. కింది అంతస్తు వాళ్లు ఫిర్యాదు రాశారు.

లావణ్య మూడుసార్లు చెప్పింది. "ఇరవై రోజులా, ముప్పై రోజులా? కత్తి కోసం ఎవరన్నా ఇన్ని నెలలు కాచుకుంటారా? పెండ్లి సంబంధానికి కూడా మా నాయన ఇన్నాళ్లు ఆగలే."

"మంచి వస్తువుకు ఓపిక పట్టల్ల లావణ్యా."

"ఓపిక మీరు పడతాండారా, భూలక్ష్మి పడతాందా?"

చెప్పే మనిషి రేపు కూడా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఈరోజే వినాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

శుక్రవారం భూలక్ష్మి ఆ కత్తిని తెచ్చి అతని ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది. "సార్, రేపు పదింటికొస్త. కొత్త కత్తి ఉంటె వంట జేస్త. లేకుంటె గట్లనే వాపస్ పోత. నాకేమన్న ఇండ్లు కరువా?"

కరువు కాదు. వాళ్లుండే రెండు టవర్లలో ఆమె చేతి గుత్తివంకాయ తిన్న కనీసం నాలుగు ఇళ్లవాళ్లు ఆమె కోసం కాచుకుని ఉన్నారు. ఆ అపార్టుమెంట్లలో ఉద్యోగం పోయినవాడికి రెండు నెలల్లో ఇంకోటి దొరికింది. వంటమనిషి పోయిన ఇల్లు మాత్రం ఏడాదిగా డబ్బాల్లో వచ్చిన తిండి తింటోంది. ఆ భయమే మధుసూదన్‌ను నిర్ణయానికి తెచ్చింది. కత్తి తెచ్చేదాకా భూలక్ష్మిని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టమని లావణ్యకు చెప్పి, తొమ్మిదిన్నరకు కాల్‌లో కూర్చున్నాడు.

సరిగ్గా ఆ రోజే ఐలయ్య కత్తి తీసుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

గేటు దగ్గర రమేష్ అనే కాపలా మనిషి ఫోనులోంచి తల ఎత్తకుండా డెలివరీ వాళ్ల నంబర్లు సరిచూస్తున్నాడు. "ఫ్లాట్ నంబర్ చెప్పు. లేకుంటె పక్కకు జరుగు" అన్నాడు. ఐలయ్యకు అపార్టుమెంటు పేరే తెలుసు, ఫ్లాటు నంబరు తెలియదు. పక్కకు జరిగాడు. మధుసూదన్‌కు మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ మధుసూదన్ కట్ చేశాడు.

కొత్త కత్తిని ఐలయ్య ఎవరి చేతికీ ఇవ్వడు. చేతి నుంచి చేతికి ఇస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పగ పుడుతుందని అతని తండ్రి చెప్పాడు. అందుకని గేటు లోపలి గోడ వారగా ఎర్ర గుడ్డ పరిచి, కత్తికి బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, రెండు ముక్కలకూ కుంకుమ అద్ది చెరోవైపు పెట్టాడు. సార్ వచ్చి తీసుకుంటాడు. పరాయివాడి కత్తి ఇంకెవరు ముట్టుకుంటారు? అతను చాయ్ తాగడానికి వెళ్లాడు.

ఐదు నిమిషాలకు రమేష్ తల ఎత్తాడు. చూశాడు. ఫోటో తీసి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

చదువుకున్నవాళ్లు కాబట్టి అందరూ ఒకేసారి భయపడ్డారు. ఇది బెదిరింపని ఒకరు రాశారు. కాదు, చేతబడి అని ఇంకొకరు రాశారు. నిమ్మకాయ రెండు ముక్కలంటే రెండు టవర్లని మరొకరు లెక్క తేల్చారు. ఏ ముక్క ఏ టవరుదో చెప్పమని ఒకావిడ అడిగింది. అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడు వెంకటనారాయణ భీమవరం మనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు. ఆయన గొంతు రికార్డు చేసి పంపాడు. "దయచేసి ఎవరూ దాన్ని దాటకండి. దాటితే నా బాధ్యత కాదండి."

ఆ అపార్టుమెంట్ల భద్రతా సంఘం కన్వీనర్ మధుసూదనే. నియమాలు రాసిందీ అతనే. గేటు దగ్గర అనుమానం కలిగించే వస్తువు ఉంటే రెండు గేట్లూ మూసేయాలి. సంగతి తేలేదాకా ఎవరినీ లోపలికి గానీ బయటికి గానీ వదలకూడదు. దానికి కారణమైన నివాసి ఫోటో నెల రోజులు లిఫ్టులో అంటించాలి. ఆ చివరి నియమం తనకు చాలా నచ్చి రాసుకున్నాడు.

ఫోన్ ఆగకుండా మోగుతుంటే అతను ఫోటో తెరవకుండానే "నియమం ప్రకారం చేయండి" అని పంపి మళ్లీ కాల్‌లో పడ్డాడు.

రమేష్ గేట్లు మూశాడు. పావుగంటలో బయట ముప్పై మంది డెలివరీ వాళ్లు, ఒక నీళ్ల ట్యాంకరు, ఎనిమిదో అంతస్తుకు పెళ్లిచూపులకు వచ్చిన పళ్ల బుట్టల బంధువులు పోగయ్యారు. లోపల విమానానికి వెళ్లాల్సిన ఒకాయన సూట్‌కేసు మీద కూర్చున్నాడు. పదింటికి భూలక్ష్మి వచ్చింది. ఆమెనూ వదల్లేదు.

లావణ్య గదిలోకి వచ్చి ల్యాప్‌టాప్ మూసేసింది. "భూలక్ష్మి గేటు కాడ ఎండలో నిలబడి ఉంది. ఇంకో ఐదు నిమిషాలు చూసి పోతాదంట. గేట్లు మూయమన్న తెలివైనోడు ఎవరు?"

"నేనే."

"పోయి తెరిపించండి."

మధుసూదన్ చెప్పులేసుకుని దిగాడు. వెనకే లావణ్య దిగింది.

జనం దారి ఇచ్చారు. అతను ఎర్ర గుడ్డ మీద కత్తిని చూశాడు. అలుగు మీద సమ్మెట దెబ్బలు నీళ్ల అలల్లా కనిపిస్తున్నాయి. చింతకర్ర పిడి నూనె తాగి నల్లగా మెరుస్తోంది. ఎనిమిది నెలలు ఊహించుకున్నదాని కంటే బాగుంది. చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది.

"ముట్టుకోకండి మధుసూదన్ గారూ!" వెంకటనారాయణ అరిచాడు. "ఇది ఏ ఫ్లాటు వాళ్ల నిర్వాకమో తేల్చండి. లిఫ్టులో ఫోటో సరిపోదండి. లాబీలో ఫ్లెక్సీ వేయిద్దాం. నిలువెత్తుది."

చెయ్యి వెనక్కి వచ్చింది.

అప్పుడే చాయ్ తాగిన ఐలయ్య గేటు ఊచల అవతల కనిపించాడు. "సార్ వచ్చిండా! ఫోన్ ఎత్తవేంది సార్? గిదిగో, నీ కత్తి."

జనం మొత్తం మధుసూదన్ వైపు తిరిగారు. అతనికి తన ముఖం ఫ్లెక్సీ మీద కనబడింది.

"ఎవరయ్యా నువ్వు? నిన్ను నేను ఎప్పుడూ చూడనే లేదు."

ఐలయ్య ఊచల దగ్గరికి జరిగాడు. "మంచిగ చూసి చెప్పు సార్. నువ్వు కాదా?"

"కాదు."

లావణ్య నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఊచల అవతల భూలక్ష్మి మాత్రం మూసుకోలేదు. ఎనిమిది నెలలుగా రోజూ ఆ కత్తి వైభవం విన్న మనిషి ఆమె. "సార్‌ది కాదా?" అని గట్టిగా అడిగింది. "అందరి ముంగట చెప్తున్నడు. మీరందరు ఇన్నరు కద?"

"విన్నామండి" అన్నాడు వెంకటనారాయణ. "ఏమయ్యా, ఆయనది కాదంటున్నాడుగా. నీ కత్తి నువ్వు పట్టుకుపో."

"తీస్కపోను సార్. బొట్టు పెట్టి కొలిమి దాటిచ్చిన కత్తి మల్ల కొలిమికి రావద్దు. గిది కూరగాయల కత్తి, మనుషులను కోసేది కాదు. వంట జేసెటోళ్లు ఎవరన్న తీస్కోండ్రి. ఉత్తగ తీస్కోవద్దు, ఒక్క రూపాయి ఇయ్యాలె."

"నేను తీస్కుంట అన్నా" అంది భూలక్ష్మి, కొంగు ముడి విప్పుతూ.

మధుసూదన్ ఒక అడుగు ముందుకు వేశాడు. "అది... ఆ కత్తి..."

"ఏంది సార్? మీదా?"

వెంకటనారాయణ కూడా అతని వైపు చూశాడు. ఫోనులో కెమెరా తెరిచే చూశాడు.

"కాదు."

రూపాయి ఐలయ్య చేతిలో పడింది. రమేష్ గేటు తీశాడు. భూలక్ష్మి కత్తిని కళ్లకద్దుకుని, ఒక డెలివరీ అబ్బాయి సంచిలోంచి టమాటా తీసి, కాపలా బల్ల మీద కోసింది. ముక్క ఎత్తి పట్టుకుంటే అందులోంచి అవతలి టవరు కనిపించింది. పెళ్లిచూపుల వాళ్లు చప్పట్లు కొట్టారు. చేతబడి మాట ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

వెంకటనారాయణ గొంతు మారింది. "అమ్మా, మీరు ఎవరింట్లో చేస్తున్నారండీ?"

"నిన్నటిదాక గీ సార్ ఇంట్లనే. కత్తి లేని ఇల్లు."

"మా ఇంటికి వస్తారేంటండీ? ఆవిడకు మోకాళ్ల నొప్పులు."

"వస్త. గని కత్తి నాది. ఎవ్వరు ముట్టొద్దు."

"మాకెందుకండీ, మీ కత్తి మీ దగ్గరే."

లావణ్య భర్త కోసం ఆగకుండా లిఫ్టు ఎక్కింది. లిఫ్టులో ఏ ఫోటో లేదు. మధుసూదన్ కాపాడుకున్నది అదొక్కటే.

ఆదివారం సాయంత్రానికి పంతొమ్మిది ఇళ్ల వాళ్లు శేరిలింగంపల్లి వెళ్లి ఐలయ్యకు కత్తులు చెప్పి వచ్చారు. సోమవారం మధుసూదన్ వెళ్లాడు. ఆ రోజు కొలిమి ముట్టించలేదు కాబట్టి ఐలయ్య తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"ఏం కావాలె సార్?"

"నేను... మధుసూదన్."

"మిమ్మల్ని ఎన్నడు చూడలే" అన్నాడు ఐలయ్య మర్యాదగా. "ఇరవయ్యో నంబరు పడ్తది. రెండేండ్లు ఆగాలె. ఆగుతరా?"

మధుసూదన్ ఆలోచించాడు. ఇంట్లో లావణ్య రెండు రోజులుగా వంటింటి వైపు చూడలేదు.

"ఆగుతా."

ఐలయ్య దారం తీసి అతని అరచేయి కొలవసాగాడు. బొటనవేలికి కొత్తగా చుట్టిన పట్టీ దగ్గర ఆగాడు. "ఇంట్ల కోసేది ఎవరు సార్?"

"నేనే."

ఆ మూడు రోజుల్లో తన పేరు తప్ప మధుసూదన్ ఐలయ్యకు చెప్పిన నిజం అదొక్కటే.