బీరువాలో ప్రాసెసర్ బోర్డు

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. భర్త ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్ళగానే తను రేడియో సామాన్ల దుకాణానికి పోయి ప్రాసెసర్ బోర్డు కొనాలి. సాయంత్రం అతను వచ్చేలోగా దాచెయ్యాలి. మర్నాడు అతని పుట్టినరోజు కాబట్టి పొద్దున్నే చేతిలో పెట్టాలి. అప్పుడు అతని ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుంటూ ఆమె మామగారి కాఫీలో చక్కెర రెండోసారి వేసింది. ఆయన ఒక్కసారి గ్లాసు వైపు చూసి తాగేశారు.

పెళ్ళికి ముందునుంచీ భర్త వెనకగదిలో సొంతంగా ఓ కంప్యూటరు తయారుచేస్తున్నాడు. రేకు పెట్టె, ముందువైపు వరసగా స్విచ్చులు, వాటి పైన బుల్లి ఎర్రలైట్లు, లోపల మెమరీ బోర్డు, అన్నీ అమిరాయి. లెక్క చేసే ప్రాసెసర్ బోర్డు ఒక్కటే లేదు. అది లేనన్నాళ్ళూ ఆ పెట్టె అత్తగారికి ఇస్త్రీ బట్టలు పెట్టుకునే బల్ల. "మావాడు లైట్లు వెలగని పెట్టె కట్టాడు, చూద్దురు రండి" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. భర్త నవ్వేసేవాడు. నవ్వాక వెళ్ళి ఆ స్విచ్చులను ఒక్కొక్కటే తుడిచేవాడు. అది చూస్తే కోడలికి ప్రాణం ఉసూరుమనేది. అందుకే తను కొత్తగా చేరిన లైబ్రరీలో మొదటి జీతం అందిన మర్నాడే సెలవు పెట్టింది.

దుకాణం ముసలాయన బోర్డును వెండి కాగితంలో చుట్టి, పసిపిల్లను అందించినట్టు అందించాడు.

"జాగ్రత్తమ్మా. ఉన్ని బట్టలతో, నైలాను బట్టలతో దీన్ని ముట్టుకోకూడదు. ముట్టుకునే ముందు ఇనప కుళాయి పట్టుకోవాలి. ఒంటిమీది కరెంటు నేలలోకి పోతుంది. లేదంటే చిటుక్కుమంటుంది, చిప్పు పోతుంది."

"పోతే ఇంకోటి ఇస్తారా?"

"ఇదే ఆఖరిది. మళ్ళీ ఎప్పుడొస్తుందో నాకే తెలీదు."

కోడలు భయపడాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే భయపడింది. ఇంటికొచ్చి బోర్డును బీరువాలో తన నూలు బట్టల మధ్య పడుకోబెట్టింది. పై అరలో భర్త స్వెట్టర్లు కనిపించాయి. స్వెట్టర్లు, మఫ్లరు, ఉన్ని కోటు, ఆఖరికి మేజోళ్ళు కూడా తీసి పెద్ద సూట్‌కేసులో కుక్కి, దాన్ని గుమ్మం బయట పెట్టింది.

అటుగా వచ్చిన అత్తగారు కొడుకు సూట్‌కేసును చూశారు. లోపల కోడలు కూనిరాగం తీస్తోంది. ఆవిడ చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి మామగారి దగ్గర కూలబడ్డారు.

"అబ్బాయిని గదిలోంచి వెళ్ళగొట్టింది. పాడుకుంటోంది కూడా."

"అదా సంగతి. పొద్దున కాఫీలో చక్కెర చూసినప్పుడే అనుకున్నాను, పిల్ల మనసు మనసులో లేదని" అన్నారు మామగారు.

సాయంత్రం భర్త ఈల వేసుకుంటూ వచ్చాడు. ఒంటిమీద స్వెట్టరు. గదిలోకి అడుగుపెట్టి చేతులు చాచాడు. కోడలు బీరువాకు వీపు ఆనించి నిలబడింది.

"దగ్గరికి రాకండి."

"ఏమైందోయ్?"

"ముందు ఆ స్వెట్టరు విప్పి, వెళ్ళి కుళాయి పట్టుకోండి. ఆ తరవాతే ఏదైనా."

భర్త అయోమయంగా పెరట్లోకి పోయి కుళాయి పట్టుకుని నిలబడ్డాడు. ఏం తప్పు చేశానా అని ఆలోచిస్తున్నవాడికి చాలానే గుర్తొచ్చాయి. కిటికీలోంచి అది చూసిన అత్తగారు ఇక ఆగలేక వియ్యాలవారికి ఫోను చేశారు.

దీపాలు పెట్టే వేళకు కోడలి అమ్మానాన్నలు టాక్సీలో దిగారు. అందరూ పడకగదిలో చేరారు. కోడలు మాత్రం బీరువా దగ్గరనుంచి కదల్లేదు.

"ఏం జరిగిందమ్మడూ?" అన్నాడు నాన్న.

"ఏం లేదు నాన్నా. రేపు చెప్తాను."

"రేపటిదాకా ఎందుకు, నేనే చెప్తాను" అన్నాడు భర్త తలవంచుకుని. "తడి తువ్వాలు రోజూ మంచంమీదే వేస్తున్నాను. మీరిచ్చిన ఫ్లాస్కు పగలగొట్టింది నేనే, పిల్లి కాదు. పోయిన శనివారం ఆఫీసులో పనేం లేదు, సినిమాకెళ్ళాను."

"నేను ఆ పిల్లికి వారంపాటు పాలు పొయ్యలేదు కదరా" అన్నారు అత్తగారు.

"సినిమాకా? నన్నొదిలేసి?" అంది కోడలు, బీరువా వదిలి రెండడుగులు ముందుకేసి. అంతవరకూ లేని కోపం ఆమెకు ఇప్పుడు నిజంగానే వచ్చింది.

నాన్నకు ఆ గొంతు చాలు. "నాలుగు రోజులు మనింట్లో ఉందువుగాని, పద" అంటూ ఆమె బట్టలు సర్దడానికి, తన ఒంటిమీది ఉన్ని కోటుతోనే బీరువా తలుపు తెరిచి లోపలికి చెయ్యి పెట్టాడు. చిటుక్కుమంది.

"నాన్నా, కుళాయి" అని కోడలు కెవ్వున అరిచి, అక్కడే కూర్చుని ఏడ్చేసింది. ఏడుపు మధ్యలోనే దుకాణం, జీతం, స్వెట్టర్లు, అన్నీ బయటపడ్డాయి.

భర్త స్వెట్టరు ఎప్పుడో విప్పేశాడు. మళ్ళీ పెరట్లోకి పోయి కుళాయి పట్టుకుని వచ్చి, బోర్డును రెండు చేతులతో తీసుకుని వెనకగదిలోకి నడిచాడు. ఇస్త్రీ బట్టలు అత్తగారే తీశారు. బోర్డు గాడిలో కూర్చుంది. స్విచ్చు నొక్కాడు. ఏమీ కాలేదు. కోడలు కళ్ళు మూసుకుంది.

"ప్లగ్గు పెట్టలేదురా" అన్నారు మామగారు.

ప్లగ్గు పెట్టారు. ఎర్రలైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. చిటుక్కుమన్నది బీరువా ఇనప తలుపు మాత్రమేనని, వెండి కాగితం చిప్పును కాపాడిందని అప్పుడు తెలిసింది. భర్త చకచకా స్విచ్చులు మీటి రెండూ మూడూ కలపమన్నాడు. కొన్ని లైట్లు ఆరి, నాలుగుకు గుర్తు ఒకటీ, ఒకటికి గుర్తు ఒకటీ, రెండు మిగిలాయి.

"అయిదు" అన్నాడు భర్త.

"అది నాకు ముందే తెలుసు" అన్నారు లెక్కల మాస్టారుగా రిటైరైన మామగారు.

"మీకు తెలుసు నాన్నా. పెట్టెకు ఇప్పుడే తెలిసింది."

మామగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. పదమూడూ తొమ్మిదీ కలిపారు. మళ్ళీ కలిపారు. స్టూలు మీంచి ఇక లేవలేదు.

"బావగారూ, కాస్త లేస్తే మేమూ ఓ లెక్క వేసుకుంటాం" అన్నాడు నాన్న.

"మధ్యలో లేస్తే ఎలా బావగారూ, లెక్క చెడిపోదూ?"

"ఆయన్ని కూర్చోనివ్వండి, పెట్టె కట్టింది మావాడు" అన్నారు అత్తగారు.

"బోర్డు కొన్నది మా అమ్మాయి కదండీ వదినగారూ" అంది అమ్మ.

గొంతులు లేచాయి. భార్యాభర్తలు గుమ్మంలో చేతులు పట్టుకుని నిలబడి చూశారు. సర్దిచెప్పడానికి ఎవరైనా పెద్దవాళ్ళను పిలుద్దామంటే, ఉన్న పెద్దవాళ్ళంతా గొడవలోనే ఉన్నారు.