మంచులో పలికిన పెంచలయ్య

ఆ మాఘమాసపు ఆదివారానికి మాల్యాద్రి వేసుకున్న ఏర్పాటు పెద్దదేమీ కాదు. పొద్దున్నే ముత్తాతకు పెట్టుకోవడం, మధ్యాహ్నం చుట్టాలకు భోజనాలు, ఆపైన వాళ్ళందరి ఎదుట తనను ఊరికి పెద్దకాపుగా ఒప్పించుకోవడం. వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెలో వలల తగాదాలు తీర్చేది పెద్దకాపే. ఆయన వద్దంటే ఒక్క తెప్ప కూడా నీళ్ళలోకి దిగదు.

ఆ పెద్దరికానికి మాల్యాద్రి చూపించగలిగిన అర్హత ఒకటే, తెడ్ల పెంచలయ్యకు మునిమనవడు కావడం. వెనకటికి ఒక గాలివానలో పెంచలయ్య తాను పట్టుకున్న దుంగను ఇంకొకడికి ఇచ్చేసి సముద్రంలో మునిగిపోయాడని తెడ్లవారి ఇంట చెప్పుకుంటారు. ఆ దుంగ పుచ్చుకుని బతికినవాడెవడో ఎవరికీ తెలియదు. మాల్యాద్రి నోట పడ్డాక ఆ ఒకడు ఇద్దరయ్యాడు. ఈ మధ్య ముగ్గురయ్యారు.

కోవూరు నుంచి కృష్ణపట్నం దాకా తిరిగి, చెదిరిపోయిన చుట్టాలనందరినీ అతనే పోగుచేశాడు. ఎవరికి ఎవరు ఏమవుతారో అడిగి అడిగి, వంశమంతా నోటికి పట్టాడు. వాళ్ళలో పెంచలయ్యను కళ్ళతో చూసిన మనిషి ఒక్క నాగులమ్మే. ఆమె పెంచలయ్య కూతురు, మాల్యాద్రి తాతకు చెల్లెలు. భర్త పోయాక పుట్టింటికే వచ్చి ఉండిపోయింది. తండ్రి సముద్రంలోకి వెళ్ళేనాటికి ఆమెకు పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆయన ఎట్లా ఉండేవాడని అడిగితే, "చెప్పమంటే చెప్పలేను, చూస్తే చెప్తా" అనేది.

పెట్టుకునే పద్ధతి పెంచలయ్య భార్య పేరమ్మతో వచ్చింది. పేరమ్మ బొట్టు తీయలేదు, గాజులు పగలగొట్టుకోలేదు. బతికినన్నాళ్ళూ ఒడ్డున నిలబడి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. మామూలుగా నోట పలకకూడని ఆ పేరును ఆమె ఒక్కతే అంత గట్టిగా పలికేదని ముసలివాళ్ళు చెప్పుకునేవారు. ఆమె పోయాక అదే ఏటేటా జరిగే తంతు అయింది. లోపలి గదిలో కొత్త పంచె, కండువా, విస్తట్లో అన్నం, చేపల పులుసు, కల్లుముంత, చుట్ట పెట్టి తలుపు దగ్గరగా వేస్తారు. ఇంట్లో పురుగు కూడా మిగలకుండా అందరూ ఒడ్డుకు పోతారు. ఇంటి పెద్ద ఆడమనిషి మూడుసార్లు పిలుస్తుంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా ఇల్లు చేరాలి. చూస్తే, వెనక వస్తున్నవాడు అక్కడినుంచే మళ్ళిపోతాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు జరగలేదు. ఇన్నేళ్ళలో వెనక ఎవరూ రానూలేదు.

ఆ పొద్దు మంచు దట్టంగా దిగింది. ముందు నడిచేవాడి వీపు వెనకవాడికి కనబడడం లేదు. సముద్రం ఎదురుగానే ఉంది, కానీ అల విరిగిన చప్పుడు ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి వస్తోంది. తెప్పలు ఒడ్డునే పడి ఉన్నాయి. కాకి కూడా అరవలేదు. మాల్యాద్రి గొంతు సవరించుకుని వంశం చెప్పడం మొదలుపెట్టాడు. తెడ్ల కామాక్షయ్య కొడుకు పెంచలయ్య అని ఎత్తుకుని, దుంగ కథకు వచ్చి, ముగ్గురిని నలుగురు చేసి ముగించాడు. నాగులమ్మ మాల్యాద్రి భార్య చెయ్యి పట్టుకుని నీళ్ళ అంచుకు నడిచింది.

"పెంచలయ్యా, వచ్చి తిని పో" అని పిలిచింది. మంచు ఆ మాటను మింగేసింది. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచి కొంగుతో మొహం తుడుచుకుంటుండగా, నీళ్ళమీదనుంచి ఒక గొంతు వచ్చింది.

"వస్తండా. ఉండండి."

ఎవరూ కదల్లేదు. ఎవరో పలికారని అనుకోవడానికి అందరూ ఇక్కడే ఉన్నారు. ఆ గొంతు బొంగురుగా, నీళ్ళు మింగి పలికినట్టుగా ఉంది. కాసేపటికి ఎవరో నీళ్ళలో కాళ్ళీడుస్తున్న చప్పుడయింది.

మాల్యాద్రి బావ రమణయ్యకు ఇలాంటి విషయాలు తెలుసని పేరు. అతను పెదవులు కదపకుండా, "పదండి. ఎవురూ తిరగబాకండి" అన్నాడు. జనమంతా ఒకేసారి ఇంటి వైపు తిరిగి నడిచారు. మెడలు కర్రల్లా బిగుసుకుపోయాయి. వెనక, తడి పాదాలు ఇసుకలో పడుతున్నాయి. వీళ్ళు ఆగితే అవీ ఆగుతున్నాయి, నడిస్తే నడుస్తున్నాయి.

"కొంచెం నిదానంగా పొండి" అన్నది గొంతు. "నా కాళ్ళు తిమ్మిరెక్కినాయి."

ఆ మాటతో నడక పరుగయింది. మాల్యాద్రి నాగులమ్మను ఎత్తి భుజాన వేసుకున్నాడు. దించమని ఆమె అతని వీపుమీద గుద్దుతూనే ఉంది. వెనక్కి చూడకూడదన్న కట్టుబాటు ఆ పొద్దు తప్పింది ఆమె ఒక్కతే, అతను వేసుకున్న తీరు అట్లాంటిది. ఆమెకు కనబడింది మాత్రం మంచులో మనిషంత నలుపు. అది చేతులు చాచుకుని వస్తోంది.

ఇల్లు వచ్చింది, పోయింది. ఎవరూ ఆగలేదు. సరుగుడు తోపులోకి చేరాక గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రమణయ్యకు పంచె ఊడిపోయిన సంగతి అక్కడే తెలిసింది. చుట్టాలలో కొందరు ఇటునుంచి ఇటే బస్సెక్కుతామన్నారు. అప్పుడు మాల్యాద్రి భార్య మాలకొండమ్మ, పొయ్యిమీద వంద మందికి పులుసు ఉడుకుతోందని, అడుగంటితే ఈ జనానికి తానేం పెట్టాలని అడిగింది. దయ్యానికి భయపడ్డవాళ్ళు కూడా ఆ ప్రశ్నకు భయపడ్డారు. గుంపుగా, ఒకరినొకరు పట్టుకుని వెనక్కి వచ్చారు.

వాకిట్లో తడి అడుగులున్నాయి. వసారా దాటి, పొయ్యి పక్కగా, లోపలి గదిలోకి పోయాయి. బయటికి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. దగ్గరగా వేసిపోయిన తలుపు ఇప్పుడు బిగించి ఉంది. తలుపు సందులోంచి చుట్ట పొగ సన్నగా బయటికి వస్తోంది.

అందరూ రమణయ్యను చూశారు. రమణయ్య ఎవరిదో కండువా నడుముకు చుట్టుకుని తలుపుకు బారెడు దూరంలో నిలబడ్డాడు.

"లోపల ఎవురు?"

వణుకుతున్న గొంతు పలికింది. "పెంచలయ్యని."

"ఏ పెంచలయ్య?"

"తెడ్లోళ్ళ పెంచలయ్య. కామాక్షయ్య కొడుకుని."

మాల్యాద్రి రమణయ్య వెనక్కి జరిగాడు. ఒడ్డున తాను చదివిన వంశం అక్షరం తప్పకుండా లోపలినుంచి వినబడుతోంది.

"యాడినించి వచ్చినావు?"

"సముద్రంలోనించి. పడవ తిరగబడింది."

"ఎప్పుడు?"

లోపల మనిషి ఆలోచించినట్టున్నాడు. "ఇప్పుడే గదా" అన్నాడు.

రమణయ్య జనం వైపు తిరిగి, పోయినవాళ్ళకు ఏళ్ళూ పూళ్ళూ ఉండవని, వాళ్ళకు అంతా ఇప్పుడే జరిగినట్టుంటుందని మెల్లగా వివరించాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంత వణుకులోనూ మాల్యాద్రికి ఒక ఆలోచన వచ్చింది. వంశమంతా ఇక్కడే ఉంది, ముత్తాత లోపల ఉన్నాడు, ఇంతకు మించిన సమయం ఇంకెప్పుడు వస్తుంది. ఈ ఊరికి పెద్దకాపుగా ఎవరుండాలో సెలవియ్యమని తలుపుకు దణ్ణం పెట్టి అడిగాడు.

తనకేమీ తెలియదని, ఎవరున్నా తనకు సమ్మతమేనని, ఇంకొంచెం పులుసు ఉంటే పెట్టమని లోపలినుంచి జవాబు వచ్చింది. పులుసు ఈ ఇంటిది కాబట్టి పెద్దరికమూ ఈ ఇంటికే ఇచ్చినట్టని రమణయ్య అర్థం చెప్పాడు. మాలకొండమ్మ గిన్నె నింపింది. కానీ ఆ గిన్నె పుచ్చుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. కాబోయే పెద్దకాపు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

నాగులమ్మ లేచి వచ్చి గిన్నె అందుకుంది. "మా నాయనకి నేను పెట్టుకుంటా, మీరు గమ్మునుండండి" అని తలుపు తట్టింది. లోపల గడియ తీసిన చప్పుడయింది.

కొత్త పంచె కట్టుకుని, కండువా తలకు చుట్టుకుని, ముప్పై ఏళ్ళ మనిషి గోడకు అంటుకుపోయి నిలబడి ఉన్నాడు. నాగులమ్మ అతని మొహం చూసింది. గిన్నె కింద పెట్టి, ఇంకోసారి చూసింది. అదే నుదురు, మూసినా పూర్తిగా మూసుకోని అవే పెదవులు. ఆమె ముసలిదైపోయింది, ఆయన మాత్రం వెళ్ళిన రోజు ఎట్లా ఉన్నాడో అట్లాగే వచ్చాడు.

"నాయనా" అంది. "ఇంతసేపు చేసినావే."

ఆ మనిషి ఆమెను చూశాడు. ఆమె వెనక వసారాలో, వాకిట మంచులో నిలబడ్డ మొహాలన్నిటినీ చూశాడు. అతని చేతిలో చుట్ట కిందపడింది.

"మీరు మనుషులేనా?" అని అడిగాడు.

మాలకొండమ్మ ముందుకు వచ్చి, కాకపోతే ఇంత పులుసు ఎవరు కాస్తారని అడిగింది. అప్పటికి అతనికి కాస్త ఊపిరి తిరిగింది, చెప్పడం మొదలుపెట్టాడు.

పులికాటు సరస్సుకు దక్షిణాన అతని ఊరు. వెనకటికి అతని తాత ఒక గాలివానలో ఆ ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఉత్తరాన తన పల్లెను ఉప్పెన తుడిచిపెట్టేసిందని, పెళ్ళాం బిడ్డలు అందరూ పోయారని చెప్పి అక్కడే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. కొడుక్కు తన తండ్రి కామాక్షయ్య పేరు పెట్టుకున్నాడు. తాత పోయిన మరుసటేడు పుట్టిన ఇతనికి తాత పేరు వచ్చింది. ఉత్తరం వైపు పోవద్దని, పోతే మంచులో చచ్చినవాళ్ళు పేరు పెట్టి పిలుస్తారని, పలకవద్దని ఆ ఇంట్లో ఉగ్గుపాలతోనే చెబుతారు. ఇతను కృష్ణపట్నానికి వల తేవడానికి బయల్దేరాడు. మంచులో దారి తప్పి, పడవ తిరగబడి, ఏ పక్క గట్టో తెలియక ఈదుతుండగా ఆడగొంతు పిలిచింది.

"మునిగిపోతా ఉండా. దయ్యాలైతే అయినాయిలే అని పలికినా" అన్నాడు. "మీరు పిలవకుంటే గట్టు ఏ పక్క ఉండాదో తెలిసేదే కాదు. తీరా వస్తే, ఒక్కరన్నా వెనక్కి తిరగలేదు. మొహాలు లేవేమో అనుకున్నా."

తర్వాత వాళ్ళంతా మంచులో మాయమైపోయారు. ఎదురుగా పొయ్యి మండుతూ ఒక ఇల్లు ఉంది, మనిషి లేడు. విస్తట్లో అన్నం ఉంది. దయ్యాల అన్నమైనా వేడిగా ఉందని తిన్నాడు. తిన్నాక తలుపవతల గుసగుసలు మొదలై, తండ్రి పేరు అడిగాయి.

రమణయ్య మెల్లగా దుంగ సంగతి అడిగాడు. అతను కళ్ళు విప్పార్చుకుని, తాత ఆ దుంగ పట్టుకునే గట్టుకొచ్చాడన్నాడు. ఎవరో మహానుభావుడు తాను పట్టుకున్న దుంగను తాతకిచ్చి మునిగిపోయాడట, ఆయన పేరైనా అడగలేదని తాత చివరిదాకా బాధపడేవాడట. చుట్టాలందరూ మాల్యాద్రిని చూశారు. మాల్యాద్రి ఇంటి కప్పును చూశాడు.

నాగులమ్మకు ఆ గొడవ పట్టలేదు. తాత ఎప్పుడు పోయాడని, ఎట్లా పోయాడని అడిగింది. ముసలితనంతో, మంచంలో, నిద్రలో పోయాడని అతను చెప్పాడు. ఆమె కాసేపు లెక్క చూసుకుంది.

"అప్పటికి మాయమ్మ ఇంకా పిలస్తానే ఉండింది" అంది.

ఊరు నిజంగానే కొట్టుకుపోయిందని ఆయన నమ్మాడేమోనని మాల్యాద్రి సర్దిచెప్పబోయాడు.

"ఒక పొద్దు తెడ్డేస్తే వచ్చే దూరం. వచ్చి చూసుకోని ఉండచ్చు గదా" అంది ఆమె.

ఆమె అతని వైపు తిరిగి అడిగింది. "మీ ఇంట్లో నాగులమ్మ అనే పేరు ఎప్పుడన్నా విన్నావా?"

"వినకేం. ఉప్పెనలో పోయిన బిడ్డ గదా. ప్రతి మాఘంలో ఆ పాపకి పావడ పెట్టుకుంటాం."

"నేనే" అంది నాగులమ్మ.

అతను మళ్ళీ గోడకు అంటుకుపోయాడు. ఆమె చెయ్యి చాచి, పట్టుకుని చూడమంది. అతను ముందు వేలితో తాకాడు, తర్వాత రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. అతను, "అత్తా" అన్నాడు.

"ఏ రంగు పావడ?" అని అడిగింది.

"ఎరుపు."

ఆమె గడపమీద కూర్చుని ముక్కు చీదుకుంది. ఎరుపైతే బాగానే ఉంటుందంది.

ఆ మధ్యాహ్నం వంశం లెక్క మళ్ళీ కట్టారు. కొత్తవాడు మాల్యాద్రికి చిన్నాయన అవుతాడని తేలింది. తనకంటే చిన్నవాడి కాళ్ళకు మాల్యాద్రి అందరి ముందూ దణ్ణం పెట్టాడు. పెద్దకాపు సంగతి ఇంకో రోజు చూద్దామన్నారు, ఆ ఇంకో రోజు రాలేదు. ఎండెక్కి మంచు విడిపోయాక అందరూ ఒడ్డుకు పోయి, తిరగబడ్డ పడవను వెతికి పైకి లాగారు.

మరుసటేడు మాఘంలో పులికాటు ఒడ్డున తెడ్లవారు, ఉన్నట్టుండి మానితే కీడని, నాగులమ్మకు ఎప్పటిలాగే పెట్టుకున్నారు. పోయినామె పడవ దిగి వచ్చి, తిని, పులుసులో ఉప్పు చాలలేదని చెప్పి పోయింది.