పక్కా పట్టాలు

ఆ ఆదివారం పొద్దున సిద్దిరాములు పెట్టుకున్న పని ఒక్కటే. శామీర్‌పేటలోని తన ఇంటి వాకిట్లో, సిమెంటు గచ్చు మీద, బొమ్మ రైలు పట్టాలు కదలకుండా అతికించాలి. రైలు కొన్నది కాదు. కుత్బుల్లాపూర్ ఫ్యాక్టరీలో లేతు మిషను మీద బతుకంతా అరగదీసినవాడు రిటైరయ్యాక సొంత చేతులతో చేసుకున్నది. పోయిన నెల మరలు బిగించి పట్టాలు వేస్తే ఎండకు ఇనుము సాగి, పట్టాలు పైకి లేచాయి. రైలు ఎగిరి బట్టలుతికే బండకు గుద్దుకుంది. అల్వాల్ నుంచి వచ్చిన బావమరిది మధుసూదన్ కడుపు పట్టుకుని నవ్వాడు. "బావా, గిది రైలు గాదే, ఇమానం!"

ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ మధుసూదనే ఇవాళ మధ్యాహ్నం మళ్లీ బువ్వకు వస్తున్నాడు.

ఈసారి సిద్దిరాములు ఇనుము సాగడానికి అతుకుల దగ్గర సందు వదిలాడు. అడ్డచెక్కల కింద డబ్బాడు గమ్ పూశాడు. పట్టాల మీద చెక్క పలకలు పరిచాడు. గమ్ ఆరేదాకా వాటి మీద బరువు పెట్టాలి. గోడ మీదుగా పక్కింటి ఓదెలును కేకేశాడు.

"ఓదెలూ! నీ ఇటుకలు జర ఇటియ్యి. ఇయ్యాల మా వాకిట్ల పట్టాలు పక్కా జేస్తున్న!"

ఓదెలు ఇంట్లో లేడు. గోడ అవతల నీళ్ల ట్యాంకరు కోసం నిలబడ్డ సత్యమ్మ ఉంది. గుట్ట కింద గుడిసెలో ఉంటూ, ఇంటి పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్న మనిషి. ఓటరు కార్డుల ఫొటోలు ఇదే వాకిట్లో తీశారు. పట్టాలూ ఇక్కడే ఇస్తారనుకోవడంలో ఆమె తప్పేముంది? బిందె అక్కడే వదిలి అందరినీ పిలవడానికి గుడిసెల వైపు పరుగెత్తింది.

సిద్దిరాములు పెరట్లో రాళ్లేమైనా దొరుకుతాయేమోనని వెతికి వచ్చేసరికి గుడిసెల జనమంతా వాకిట్లో ఉంది. పలకలను బెంచీలనుకుని వరసగా కూర్చుంది.

"లేవుండ్రి! పట్టాల మీద కూసున్నరు!"

"పట్టా సేతికొచ్చేదాంక లెవ్వమన్నా," అంది సత్యమ్మ.

"గవి రైలు పట్టాలు తల్లీ!"

చెవులు సరిగా వినపడని బుచ్చవ్వ గుండెలు బాదుకుంది. "అయ్యో, గుడిసెలు పీకి రైలేస్తరట!"

అంతే. పట్టాల కోసం కూర్చున్నవాళ్లు రైలును ఆపడానికి ఇంకా గట్టిగా కూర్చున్నారు. రైల్ రోకో అన్న మాట ఊరంతా పాకింది. లీడరు గండయ్య జీపులో దిగాడు. గుట్ట కింది గుడిసెలవాళ్లకు ఎన్నికలప్పుడు తప్ప కనిపించని మొహం అది.

"నేనుండంగ రైలు గీ దిక్కు ఎట్లొస్తదో సూస్త!" అని అరిచి, పలక చివర, గమ్ పొంగిన చోటే చతికిలబడ్డాడు.

సిద్దిరాములుకు ఒళ్లు మండింది. లోపలికి పోయి మూరెడు రైలింజను చంకలో పెట్టుకుని వచ్చాడు.

"గిదే రైలు! గిదొస్తే మీ గుడిసెలు కూల్తయా?"

వాకిలి చల్లబడింది. సత్యమ్మ ఇంజనును చూసింది, పలకలను చూసింది.

"బొమ్మ రైలుకు గింత బందోబస్తా అన్నా? మాకు ఒక్క కాయితం ఇయ్యనీకె ఈళ్లకు సేతులు రావు!"

సిద్దిరాములు ఇంజను కింద పెట్టాడు. అప్పటిదాకా జనం మీద ఉన్న కోపం అటూ ఇటూ వెతుక్కుని గండయ్య మీద వాలింది. గండయ్య మెల్లగా జారుకోబోయాడు. ప్యాంటు రాలేదు.

"సిద్దిరాములూ, జర లేపు!"

సిద్దిరాములు గమ్ కరిగించే థిన్నర్ సీసా తీసి వెనక్కి దాచాడు. "ముందు పట్టాలెప్పుడో చెప్పు."

"వచ్చే నెల! పక్కా!"

మధుసూదన్ వచ్చేసరికి జనం వెళ్లిపోయారు. గండయ్య ప్యాంటును పలకకే వదిలేసి, తువ్వాలు చుట్టుకుని వెళ్లాడు. పలకలు తీసి రైలు వదిలితే వాకిలంతా వణకకుండా తిరిగింది. బావమరిది నోరు మెదపకుండా బువ్వ తిన్నాడు.

ఆ తరువాత రెండు ఎన్నికలు పోయాయి. గండయ్య కూర్చుని పక్కా చేసిన పట్టాలు ఆ ఊళ్లో ఇప్పటికీ అవొక్కటే.